ఫతే మైదాన్ నుంచి బార్కస్ దాకా: ఫుట్‌బాల్ క్లబ్బుల వెంట ఐదు రోజులు

హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా బడిలో చదువు ముగించుకుని వెళ్లిన కుర్రాళ్లలో పదిహేను ఇరవై మంది ఇప్పటికీ సాయంత్రాలు అదే మైదానానికి వచ్చి బంతి ఆడుతుంటారు. వీళ్లతో ఒక క్లబ్బు పెట్టి, ఏనాటికైనా రాష్ట్ర లీగ్‌లో ఆడించాలన్నది చాలా కాలంగా నా మనసులో ఉన్న మాట. క్లబ్బు పెట్టడమంటే ఏమిటో, దాన్ని నిలబెట్టేది ఎవరో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కళ్లారా చూడకుండా పిల్లల్ని ఆశపెట్టడం తప్పనిపించి, ఈ ఫిబ్రవరిలో ఐదు రోజులు సెలవు పెట్టి హైదరాబాద్ బయలుదేరాను. ఈ ఊరితో నాకు ఒక పాత బాకీ కూడా ఉంది. 1989లో ఒక సంస్థ జట్టులో చోటు కోసం ఇక్కడికి ట్రయల్స్‌కు వచ్చాను. రెండు రోజులు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడించి, మూడో రోజు పొద్దున ఈ సంవత్సరం ఖాళీలు లేవని చెప్పి పంపించారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాడికి జట్టులో చోటు, ఉద్యోగం రెండూ ఒక్కటే కాబట్టి నేను పోగొట్టుకున్నది ఏది అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మొదటి రోజు, బుధవారం

కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట మీదుగా అసెంబ్లీ స్టేషన్ చేరేసరికి పదకొండు దాటింది. అక్కడి నుంచి లాల్ బహదూర్ స్టేడియం నడక దూరమే. 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించిన ఔరంగజేబు సైన్యం గుడారాలు వేసుకున్న చోటు ఇదేననీ, కోట పడిపోయిన తరువాత దీనికి ఫతే మైదాన్ అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినా, పాత ఫుట్‌బాల్ ఆటగాళ్ల నోట నేను ఇప్పటికీ ఫతే మైదాన్ అన్న మాటే వింటుంటాను. గెలిచినవాడు పెట్టిన పేరును ఓడిన ఊరు ఇంత ప్రేమగా కాపాడుకోవడం విచిత్రమే.

గేటు దగ్గర కావలివాడు ఏం పని అని అడిగాడు. ఫుట్‌బాల్ చూద్దామని వచ్చానంటే, ఇవాళ ఏమీ లేదన్నాడు. చూసి వెళ్తానని బతిమాలి లోపలికి వెళ్లి, ఖాళీ మెట్ల మీద అరగంట కూర్చున్నాను. 1999లో సచిన్ న్యూజిలాండ్ మీద 186 పరుగులు చేసింది ఇక్కడే కాబట్టి స్టేడియం పేరు చెప్పగానే తెలుగువాళ్లకు ఎక్కువగా గుర్తొచ్చేది క్రికెట్. 2008 ఆగస్టులో ఇదే ఊళ్లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ల ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ జరిగింది. వానకు మైదానం నీళ్లు నిలిచి ఆటకు పనికిరాకుండా పోవడంతో ఫైనల్‌ను ఢిల్లీకి తరలించారు. అక్కడ భారత్ తజికిస్తాన్‌ను 4-1తో ఓడించింది, సునీల్ ఛెత్రి మూడు గోల్స్ వేశాడు. మన ఇంట పెళ్లి పెట్టుకుని తాళి పక్కూళ్లో కట్టినట్లయింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ ఎక్కడ మొదలుపెట్టినా సయ్యద్ అబ్దుల్ రహీమ్ దగ్గరికే వస్తుంది. 1909లో ఈ ఊళ్లోనే పుట్టిన ఆయన వృత్తి రీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్‌లోనూ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలోనూ పనిచేశారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నారు. 1950లో సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యాక ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన చేతికింద 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇన్ని కప్పుల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన పిల్లల కోసం పెట్టిన పోటీలు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని తిప్పకూడదు, అందిన వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. ఇంకొక పోటీలో ఆటగాడు తనకు బలహీనమైన కాలితోనే ఆడాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, గడ్డి మైదానం అక్కర్లేదు, పంతులు బుర్ర ఒక్కటి చాలు. ముప్పై ఏళ్లకు పైగా పీటీ మాస్టరుగా ఉండి ఇంత తేలికైన సంగతి నాకు తట్టకపోవడం గురించి ఆ మెట్ల మీదే కాస్త సిగ్గుపడ్డాను.

సాయంత్రం అబిడ్స్‌లో ఇరానీ చాయ్ తాగి బసకు చేరాను.

రెండో రోజు, గురువారం

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్‌లో మల్కాజిగిరి, సఫిల్‌గూడ దాటాక అమ్ముగూడ అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ నాతోపాటు దిగినవాళ్లు నలుగురు. ఇక్కడికి రావడానికి నాకు ఒకే కారణం: తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు ఇది. ఇరవై ఏళ్ల వయసులోనే 1956 ఒలింపిక్స్‌కు వెళ్లిన బలరాం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. 1961లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. 1962 జకార్తా స్వర్ణంలో భాగస్వామి అయ్యాడు. మరుసటి ఏడే ఆరోగ్యం చెడి ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడు. మిగిలిన జీవితం బెంగాల్‌లోని ఉత్తరపాడాలో గడిపి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. స్టేషన్ బయట కిరాణా కొట్టు ఆయన్ను, ఆటో డ్రైవర్లను, ఒక రిటైర్డ్ జవానును అడిగి చూశాను. జవాను ఒక్కడే పేరు విన్నానన్నాడు, అదీ తన కలకత్తా పోస్టింగులో. మన ఊరి మనిషి గురించి మనం కలకత్తాలో తెలుసుకోవలసి రావడం ఒక్క బలరాం విషయంలోనే జరగలేదు. న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో పెలే 1977లో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. వాళ్ల పేరుమోగింది అక్కడ, పాతబస్తీ గోడల మీద కాదు.

అక్కడి నుంచి తిరుమలగిరి వైపు నడిచాను. కంటోన్మెంట్ కాబట్టి మైదానాలకు కొదవ లేదు, కానీ చాలావాటికి ముళ్లకంచె, కాపలా ఉన్నాయి. బయట రోడ్డు వారగా మిగిలిన ఒక మట్టి నేలలో ఏడెనిమిది మంది కుర్రాళ్లు రాళ్లు గోల్ పోస్టులుగా పెట్టుకుని ఆడుతున్నారు. తమిళం, తెలుగు, ఉర్దూ మూడూ కలిపి తిట్టుకుంటున్నారు. సికింద్రాబాద్ ఫుట్‌బాల్ భాష ఎప్పుడూ ఇంతే. పలకలూ పుస్తకాలూ తెలుగులో ఉన్నా బంతి మాత్రం ఉర్దూలోనూ తమిళంలోనూ దొర్లింది. ఈ ఆట గురించి తెలుగులో మనం తక్కువ రాసుకోవడానికి కారణం బహుశా అదే.

మూడో రోజు, శుక్రవారం

ఈ ప్రయాణంలో నేను అసలు చూడాలనుకున్నది బార్కస్. చార్మినార్ దగ్గర బస్సు పట్టుకుని చాంద్రాయణగుట్ట దాటి దిగాను. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు ఉన్న బారకాసులే నోళ్లలో పడి బార్కస్ అయ్యాయి. వాళ్ల మునిమనవలు ఇప్పుడు లుంగీలు కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, దక్కనీ ఉర్దూలో జామకాయల బేరమాడుతున్నారు. పొద్దున హరీస్ తిన్నాను. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపిన వంటకం. హలీమ్ అలవాటైన నాలుకకు మసాలా లేనట్టుంటుంది గానీ రెండో ముద్దకు రుచి తెలుస్తుంది.

జుమ్మా నమాజు అయ్యాక మైదానం నిండిపోయింది. గడ్డి లేదు, ఎర్రమట్టి. ఒక పక్క పిల్లలు, ఇంకొక పక్క పెద్దలు, మధ్యలో లీగ్‌కు తయారవుతున్న ఒక క్లబ్బు ఆటగాళ్లు నారింజ రంగు కోన్లు పెట్టుకుని పరుగులు తీస్తున్నారు. అందులో ఒకడు పొద్దంతా మొబైల్ ఫోన్లు రిపేరు చేస్తాడు, ఇద్దరు ఫుడ్ డెలివరీ బండ్లు నడుపుతారు, గోల్‌కీపర్ ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి నేరుగా వచ్చాడు. జీతం లేదు. గెలిస్తే బిర్యానీ, ఓడితే చాయ్. బయటి జట్టు ఏదైనా ఒక టోర్నీకి పిలిచి ఆడిస్తే చేతిలో కొంత పెడతారు. అర్ధ వృత్తి ఆటగాడు అని పేపర్లలో రాసే మాటకు ఇక్కడ ఉన్న అర్థం అదే.

క్లబ్బు వ్యవహారాలు చూసే పెద్దాయన్ను అందరూ చాచా అంటున్నారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. పేరు రాయొద్దన్నారు. నేను పీటీ మాస్టరునని తెలియగానే ఆయన నన్ను ఒక సైకిల్ దుకాణం పైనున్న గదికి తీసుకెళ్లారు. గోడ నిండా నలుపు తెలుపు ఫోటోలు. చేతులు కట్టుకుని నిలబడ్డ పదకొండు మంది, ముందు మధ్యలో బంతి, కింద సున్నంతో రాసిన సంవత్సరం. చాలా ఫోటోల్లో ఆ అంకె చెరిగిపోయింది. ఆయన ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి చెప్పుకుంటూ పోయారు: ఇతను పోలీసు, ఇతను రైల్వే, ఇతను బ్యాంకు, ఇతను మళ్లీ పోలీసు. ఏ ఫోటోలోనూ ఆటగాణ్ణి ఫార్వర్డ్ అనో హాఫ్ బ్యాక్ అనో చెప్పలేదు, ఏ డిపార్ట్‌మెంట్ అన్నదే చెప్పారు. రంగు ఫోటోల దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు ఆగిపోయింది. "వీళ్లంతా సౌదీ, దుబాయ్, మాస్టర్ సాబ్," అన్నారు.

నేను ఈ ఊరికి వచ్చి తెలుసుకున్నది ఏదైనా ఉంటే ఈ గదిలోనే. రహీమ్ సాబ్ ప్రతిభ గురించి ఎంత చెప్పుకున్నా తక్కువే, కానీ ఆ ప్రతిభకు పట్టాలు వేసింది ఉద్యోగం. గల్లీ క్లబ్బులో పదిహేనేళ్ల కుర్రాడు బాగా ఆడితే ఇరవై ఏళ్లకు పోలీసు జట్టులోకో రైల్వేలోకో వెళ్తాడని అతని తల్లికి తెలుసు కాబట్టే ఆమె సాయంత్రం బంతి ఆడనిచ్చేది. ఆ కొలువులు తగ్గాక పిల్లల్లో ఆట తగ్గలేదు, తల్లికి చెప్పుకోవడానికి కారణం తగ్గింది. క్లబ్బులు మంచి ఆటగాళ్లను తయారుచేయడం మానేశాయని కొందరంటారు. ఆ మైదానంలో నేను చూసిన ఎడమ వింగర్‌ను, అంటే ఎడమ అంచు వెంట ఉరికి దాడి చేసే కుర్రాణ్ణి, చూస్తే వాళ్లు ఆ మాట అనరు. తయారైనవాడు ఎక్కడికి వెళ్లాలన్నదే ప్రశ్న.

ఖర్చు సంగతి అడిగాను. చాచా ఒక పాత ఖాతా పుస్తకం తీశారు. ఫుట్‌బాల్ సంఘానికి అనుబంధ రుసుం, ఆటగాళ్ల నమోదు, జెర్సీలు, బంతులు, మ్యాచ్‌కు వెళ్లే వ్యాను, ఐసు, బ్యాండేజీలు. మంచి బంతి ఒకటి వెయ్యి రూపాయలకు పైనే, ఎర్రమట్టి మీద అది ఒక సీజన్ కూడా మన్నదు. రాబడి పేజీలో కంపెనీ పేరు ఒక్కటీ లేదు, అన్నీ మనుషుల పేర్లే. గల్ఫ్‌కు వెళ్లిన పాత ఆటగాళ్లు రంజాన్‌కు ముందు పంపే సొమ్ముతో స్టడ్స్ అనే ఫుట్‌బాల్ బూట్లు కొంటారు. మటన్ కొట్టు ఆయన గెలిచిన రోజు విందు చూసుకుంటాడు. దర్జీ ఒకడు జెర్సీల మీద అంకెలు ఊరికే కుడతాడు.

నమోదు గురించి ఆయన చెప్పింది నేను జాగ్రత్తగా రాసుకున్నాను. ఇప్పుడు ప్రతి ఆటగాడి వివరాలూ జాతీయ సమాఖ్య కేంద్రీకృత నమోదు వ్యవస్థలో ఆన్‌లైన్‌లో ఎక్కాలి. ఒక క్లబ్బులో నమోదైనవాడు ఇంకొక క్లబ్బుకు మారాలంటే బదిలీ కాగితం కావాలి. నగరంలోని లీగ్ డివిజన్లుగా జరుగుతుంది, దాన్ని రహీమ్ లీగ్ అనే పిలుస్తారు. రాష్ట్ర లీగ్ పై మెట్టున నిలిచిన క్లబ్బును సంఘం ప్రతిపాదిస్తే జాతీయ లీగుల్లో కింది మెట్టుగా 2023లో మొదలైన ఐ-లీగ్ 3లో ఆడే దారి ఉంది. అంటే కాగితం మీద ఈ సైకిల్ దుకాణం గది నుంచి దేశంలోని పై లీగ్ దాకా మెట్లు వేసే ఉన్నాయి. చాచా నవ్వి, "మెట్లున్నాయి, కానీ ఎక్కడానికి బస్సు కిరాయి ఎవరిస్తారు?" అన్నారు. ఇతర రాష్ట్రాలకు వెళ్లి ఆడాలంటే ఇరవై మందికి రైలు, బస, తిండి ఉండాలి. మటన్ కొట్టు ఆయన ఎంత మంచివాడైనా అది మోయలేడు.

వచ్చేటప్పుడు నా చేతికి ఒక సంచీ జామకాయలు ఇచ్చి, డబ్బు మాట ఎత్తనివ్వలేదు.

నాలుగో రోజు, శనివారం

పొద్దున రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లి, ఆటోలో గచ్చిబౌలి స్టేడియం చేరాను. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టిన ఈ స్టేడియానికీ ఫతే మైదాన్‌కూ మధ్య దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇది సొంత మైదానంగా ఉండేది. ఆ క్లబ్బు 2021-22లో దేశంలోని పై లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేత అయింది. గోవాలోని ఫటోర్డాలో 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో సమమయ్యాక షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరగడంతో విజేత జట్టు ఆ ఏడు సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ తరువాత జీతాల గొడవలు, ఆటగాళ్లు విడిపోవడం, చివరికి 2025లో యాజమాన్యం క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు మార్చేయడం వరుసగా జరిగిపోయాయి. కప్పు గెలిచిన క్లబ్బు మూడేళ్లకే ఊరు వదిలి వెళ్లింది. నిన్న చూసిన సైకిల్ దుకాణం పైగది ఎక్కడికీ వెళ్లలేదు. దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు కాబట్టి.

పెద్ద మ్యాచ్‌లకు ఈ స్టేడియానికి లోటు లేదు. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడ జరిగి సిరియా గెలుచుకుంది. అదే ఏడు చివరి రోజున, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. ఒకప్పుడు ఆ ట్రోఫీ మనది. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం 1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాక కూడా జట్టు హైదరాబాద్ పేరుతోనే ఆడి 1957-58లో వరుసగా రెండోసారి గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంకోసారి గెలిచాం. ఆ తరువాత చెప్పుకోవడానికి లేదు.

మధ్యాహ్నం మెహిదీపట్నం వచ్చి, చేవెళ్ల వైపు వెళ్లే బస్సులో అజీజ్‌నగర్‌లో దిగాను. శ్రీనిధి దక్కన్ క్లబ్బు దక్కన్ అరీనా ఇక్కడే ఉంది. 2021-22లో ఐఎస్ఎల్‌కు కింది మెట్టయిన ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన ఈ క్లబ్బు తరువాతి రెండు సీజన్లలోనూ రెండో స్థానంలో నిలిచింది. పచ్చటి మైదానం చూసి నా కళ్లు చల్లబడ్డాయి. లోపల తిరగడానికి అనుమతి దొరకలేదు. ముందుగా ఉత్తరం రాయకపోవడం నా తప్పే. కంచె బయట చెట్టు కింద నిలబడి, బార్కస్‌లో చూసిన ఆ ఎడమ వింగర్ ఈ గడ్డి మీద ఎలా ఉరుకుతాడోనని ఊహించుకున్నాను. వాడి ఇంటి నుంచి ఇక్కడికి రావడానికి కనీసం రెండు బస్సులు మారాలి.

ఐదో రోజు, ఆదివారం

పొద్దున ఆరున్నరకు సికింద్రాబాద్ వైపు ఒక మైదానంలో తమ క్లబ్బుకూ ఇంకొక క్లబ్బుకూ స్నేహపూర్వక మ్యాచ్ ఉందని చాచా చెప్పగా వెళ్లాను. లైన్లు గీసే ముగ్గు పొడి సగంలో అయిపోవడంతో ఒక వైపు పెనాల్టీ గీత లేదు. రిఫరీ అడుగులు కొలిచి మడమతో గీత గీశాడు. చూసేవాళ్లు నలభై మంది ఉంటారు, అందులో సగం ఆటగాళ్ల తమ్ముళ్లు. మైదానం చివర పన్నెండు మంది ఆడపిల్లలు విడిగా సాధన చేస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయిని నువ్వు ఎవరిలా ఆడాలనుకుంటున్నావని అడిగితే, తడుముకోకుండా సౌమ్య గుగులోత్ పేరు చెప్పింది. నిజామాబాద్ జిల్లా నుంచి భారత జట్టుకు వెళ్లిన అమ్మాయి పేరు ఇక్కడి పిల్లకు తెలిసినందుకు, అమ్ముగూడలో గురువారం కలిగిన దిగులు కొంత తగ్గింది.

మ్యాచ్ 2-2తో ముగిసింది. బార్కస్ ఎడమ వింగర్ ఒక గోల్ వేశాడు. గోల్‌కీపర్ మళ్లీ నైట్ డ్యూటీ నుంచే వచ్చి, రెండో గోల్ తేలిగ్గా వదిలేశాడు, ఎవరూ తిట్టలేదు. ఆట అయ్యాక చాచా నాకు తన ఖాతా పుస్తకంలోని మొదటి పేజీ ఫోటో తీసుకోనిచ్చారు: క్లబ్బు నియమాలు, పదిమంది సభ్యుల సంతకాలు, నెల చందా. మా కుర్రాళ్లకు చూపించడానికి అది చాలు.

మధ్యాహ్నం రైల్లో ఘట్‌కేసర్ దాటాక మా జట్టు కుర్రాడికి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం మన మైదానంలో ఎడమకాలి పోటీ పెడుతున్నామని, కుడికాలితో వేసిన గోల్ లెక్కలోకి రాదని అందరికీ చెప్పమన్నాను. వాడు కాసేపు ఆగి, "సార్, మరి నాది ఎడమకాలే కదా, నాకు లాభమే," అన్నాడు.

"నువ్వు కుడికాలితో ఆడాలిరా," అన్నాను.

"అట్లయితే నేను గోల్ కీపింగ్ చేస్త సార్," అన్నాడు.

జనగామలో నా పక్క సీటులో దిగిపోతున్నాయనకు చాచా ఇచ్చిన జామకాయల్లో రెండు ఇచ్చాను.